వంద షేర్లలో నలభై మూడే: టేకోవర్ పుకార్ల వెనక లెక్క

"ఫలానా గ్రూపు ఈ కంపెనీని కొంటోందట" అన్న మాట పుట్టిందంటే చాలు, ఆ షేరు చుట్టూ నాలుగు రోజులు ఒకటే సందడి. నిజమా, పుకారా అని తర్జనభర్జనలు. తమాషా ఏమిటంటే, నిజమేనని సరిగ్గా పసిగట్టి కొన్నవాళ్లు కూడా నష్టంతో బయటపడుతుంటారు. టేకోవర్ జరుగుతుందా అన్నది సగం ప్రశ్నే మరి. మిగతా సగంలో మూడు ముక్కలున్నాయి: కంపెనీ ఏ దారిలో చేతులు మారుతోంది, ఆ దారిలో షేరుకు ధర ఎలా కడతారు, మీ దగ్గరున్నవాటిలో ఎన్ని తీసుకుంటారు. చిన్న మదుపరికి డబ్బు వచ్చేదీ పోయేదీ ఈ మూడింటి దగ్గరే.

పాతిక దాటితే ఇరవై ఆరు

మన దేశంలో లిస్టెడ్ కంపెనీల టేకోవర్లన్నీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2011 నిబంధనల కింద నడుస్తాయి. అవి ఆ ఏడాది అక్టోబర్ 22న అమల్లోకి వచ్చాయి. ఎవరైనా ఒక కంపెనీలో 25 శాతం ఓటు హక్కులకు చేరినా, వాటా ఎంతైనా సరే కంపెనీ మీద పెత్తనం తెచ్చుకున్నా, మిగతా వాటాదారుల నుంచి కనీసం మరో 26 శాతం కొంటామని ప్రకటించాలి. దీన్నే ఓపెన్ ఆఫర్ అంటారు. అప్పటికే 25 శాతం పైన ఉన్నవాళ్లు ఆర్థిక సంవత్సరానికి 5 శాతం దాకా ఆఫర్ ఇవ్వకుండానే పెంచుకోవచ్చు. మొత్తం 75 శాతం మించకూడదు.

1997 నాటి పాత టేకోవర్ కోడ్‌లో 15 శాతానికే ఆఫర్ ఇవ్వాల్సి వచ్చేది, కొనాల్సింది మాత్రం 20 శాతమే. దాన్ని తిరగరాయడానికి వేసిన సి. అచ్యుతన్ కమిటీ, 25 శాతం తాకితే మిగిలిన షేర్లన్నీ కొనాల్సిందేనని సిఫారసు చేసింది. షేర్లు కొనడానికి అప్పట్లో బ్యాంకులు అప్పివ్వని మన దేశంలో అంత సొమ్ము సర్దడం స్వదేశీ కంపెనీలకు కుదరదని అభ్యంతరాలు వచ్చాయి. సెబీ ఆ నూరు శాతాన్ని 26కి దింపింది. పాతికకు ఇరవై ఆరు కలిపితే యాభై ఒకటి, కొనేవాడికి మెజారిటీ దక్కుతుంది. అమ్మాలనుకునే చిన్న వాటాదారుకు మాత్రం తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ సగం తలుపు ఏం చేస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది.

ప్రమోటర్లకు, అంటే కంపెనీని నడిపే యజమానులకు 40 శాతం, బయటివాళ్లకు 60 శాతం వాటా ఉన్న కంపెనీ అనుకుందాం. పుకారుకు ముందు షేరు 150 రూపాయలు. కొత్త యజమాని ప్రమోటర్ల 40 శాతం మొత్తాన్నీ 200 చొప్పున కొని, అదే ధరకు 26 శాతానికి ఓపెన్ ఆఫర్ ప్రకటించాడు. మర్నాడు షేరు 180కి ఎగిరింది. 180కి కొని 200కి ఇచ్చేస్తే షేరుకు 20 రూపాయలు ఉచితంగా వస్తాయనిపిస్తుంది. మీరు 100 షేర్లు కొన్నారు.

బయటివాళ్లందరూ తమ షేర్లన్నీ ఇచ్చేస్తే 60లో 26 మాత్రమే తీసుకుంటారు. అంటే మీ వందలో 43. వాటి మీద లాభం 860 రూపాయలు. మిగిలిన 57 షేర్లు మీ దగ్గరే ఉండిపోతాయి. ఆఫర్ ముగిసిందంటే షేరును పైకి పట్టి ఉంచిన 200 అన్న కొక్కెం ఊడిపోయినట్టే. ధర 160కి జారితే ఆ 57 మీద నష్టం 1,140. మొత్తమ్మీద 280 పోయింది. టేకోవర్ జరిగింది, ఆఫర్ నడిచింది, డబ్బు కూడా చేతికందింది, మీరు మాత్రం నష్టపోయారు.

ఈ లెక్కను తిప్పి వేసుకోవడమే ఇక్కడ అసలు పనిముట్టు. 43 షేర్లకు వచ్చే 8,600ను మీరు పెట్టిన 18,000 నుంచి తీసేస్తే 9,400 మిగులుతుంది. దాన్ని 57తో భాగిస్తే దాదాపు 165. ఆఫర్ ముగిశాక షేరు 165 పైన నిలబడుతుందని మీకు నమ్మకం ఉంటేనే 180కి కొనడంలో అర్థం ఉంది. పుకారుకు ముందున్న 150కి తిరిగొచ్చే అవకాశం ఎంతన్నదే మీరు వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇదే కంపెనీలో బయటివాళ్లలో సగం మందే షేర్లు ఇచ్చారనుకోండి. అప్పుడు 30లో 26 తీసుకుంటారు, అంటే మీ వందలో 86. ధర 160కి పడినా 1,440 రూపాయలు మిగులుతాయి. 26 శాతం కంటే తక్కువ వస్తే ఇచ్చినవన్నీ తీసుకుంటారు. అయితే అంత తక్కువ వచ్చేది సాధారణంగా మార్కెట్ ధర ఆఫర్ ధర కంటే పైన ఉన్నప్పుడే. అప్పుడు ఇవ్వాల్సిన అవసరం మీకూ ఉండదు. సత్యం కంప్యూటర్స్ విషయంలో జరిగింది అదే. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలతో వేలం గెలిచి, పాత కోడ్ ప్రకారం 20 శాతానికి అదే ధరకు ఆఫర్ ఇచ్చింది. ఆఫర్ తెరిచేసరికి మార్కెట్ ధర 80 దాటింది, ఇచ్చినవాళ్లు దాదాపు లేరు.

కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనే బైబ్యాక్‌తో పోల్చుకుని పొరపడేవాళ్లు చాలామంది. ఓపెన్ ఆఫర్ లాగే షేర్లు ఇవ్వమని అడిగే టెండర్ పద్ధతి బైబ్యాక్‌లో 2 లక్షల రూపాయల లోపు విలువున్న వాటాదారులకు 15 శాతం విడిగా కేటాయిస్తారు కాబట్టి వాళ్ల షేర్లు ఎక్కువగా తీసుకుంటారు. ఓపెన్ ఆఫర్‌లో ఆ రిజర్వేషన్ లేదు. మ్యూచువల్ ఫండ్‌కూ మీకూ ఒకటే నిష్పత్తి.

ప్రమోటర్లు అమ్మడానికి బదులు కంపెనీయే కొత్త షేర్లు జారీచేసి కొనుగోలుదారుకు ఇచ్చినా ఆఫర్ వస్తుంది. అప్పుడు 26 శాతాన్ని పెరిగిన మూలధనం మీద లెక్కిస్తారు. మలేసియాకు చెందిన ఐహెచ్‌హెచ్ 2018లో ఫోర్టిస్ హెల్త్‌కేర్‌లో 31.1 శాతాన్ని 170 రూపాయల చొప్పున ఇలాగే తీసుకుంది. బయటివాళ్ల చేతిలో మిగిలింది 68.9 శాతం. అందరూ ఇస్తే నూటికి 37 షేర్లే పోయేవి. ఆ ఆఫర్ అప్పట్లో తెరుచుకోలేదు కూడా. పాత ప్రమోటర్లతో జపాన్ మందుల కంపెనీ దైచీ శాంక్యో నడిపిన వివాదంలో సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో యథాతథ స్థితి ఉత్తర్వు ఇవ్వడంతో ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఈలోగా షేరు 170ని ఎప్పుడో దాటేసింది.

ధర ఎవరి ఇష్టం?

ఆఫర్ ధర కనీసం ఎంత ఉండాలో నిబంధనే చెబుతుంది. ప్రమోటర్లకు ఒప్పందంలో ఇస్తున్న ధర ఒకటి. ప్రకటనకు ముందు 52 వారాల్లో కొనుగోలుదారు తాను కొన్న షేర్లకు చెల్లించిన సగటు రెండోది. ముందు 26 వారాల్లో తాను చెల్లించిన అత్యధిక ధర మూడోది. ముందు 60 ట్రేడింగ్ రోజుల్లో మార్కెట్లో చేతులు మారిన షేర్ల పరిమాణాన్ని బట్టి కట్టిన సగటు ధర నాలుగోది. వీటిలో ఏది ఎక్కువైతే ఆఫర్ దానికి తగ్గకూడదు. నాలుగోది వర్తించాలంటే, గత 12 నెలల్లో ఆ కంపెనీ షేర్లలో కనీసం 10 శాతం చేతులు మారి ఉండాలి. పోటీ వ్యాపారం పెట్టకుండా ఉండేందుకని ప్రమోటర్లకు విడిగా ఇచ్చే సొమ్మును కూడా ధరలో కలపాల్సిందే. పాత కోడ్‌లో ఆ పేరుతో పాతిక శాతం దాకా పక్కన పెట్టే వీలుండేది.

అరవై రోజుల సగటు అన్న మాట దగ్గర ఆగాలి. షేరు వేగంగా పెరుగుతున్నప్పుడు సగటు వెనకబడుతుంది. 2022 ఆగస్టు 23న అదానీ గ్రూపు ఎన్‌డీటీవీలో 29.18 శాతం వాటాను పరోక్షంగా చేజిక్కించుకుని 26 శాతానికి 294 రూపాయల ఆఫర్ ప్రకటించింది. ఆ రోజు మార్కెట్ ధర 360 పైనే ఉంది. ఇంకా పెంచుతారన్న ఊహతో షేరు సెప్టెంబర్‌లో 500 దాటింది. ఆఫర్ ధర 294 దగ్గరే నిలిచిపోయింది. నవంబర్ 22 నుంచి డిసెంబర్ 5 దాకా ఆఫర్ నడిస్తే, అడిగిన 1.67 కోట్ల షేర్లలో 53 లక్షలు వచ్చాయి. ఆ తర్వాత అదానీ గ్రూపు వ్యవస్థాపకులైన రాయ్ దంపతుల నుంచి 27.26 శాతాన్ని 342.65కు కొంది. అప్పుడు చాలామందికి తెలియని నిబంధన ఒకటి పనిచేసింది. ఆఫర్ ముగిసిన 26 వారాల్లోపు కొనుగోలుదారు ఒప్పందం మీద అంతకంటే ఎక్కువ ధరకు కొంటే, ఆఫర్‌లో ఇచ్చినవాళ్లందరికీ ఆ తేడా కట్టాలి. 294కు ఇచ్చినవాళ్లకు షేరుకు 48.65 చొప్పున అదనంగా అందింది. 500 పైన కొని ఆఫర్ పెంపు కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ నిబంధన ఏ సాయమూ చేయలేదు.

కొనుగోలుదారు పాతికకు కాస్త ఇవతల ఆగడం ఇంకో రకం. 2024 జూన్ 27న అల్ట్రాటెక్ ఇండియా సిమెంట్స్‌లో దాదాపు 23 శాతాన్ని షేరుకు 267 రూపాయల దాకా పెట్టి కొంది. పాతిక దాటలేదు కాబట్టి ఆఫర్ లేదు. నెల తిరిగేసరికి, జులై 28న, ప్రమోటర్ల 32.72 శాతాన్ని 390కి కొంటున్నట్టు ప్రకటించి, 26 శాతానికి అదే 390తో ఆఫర్ ఇచ్చింది. 26 వారాల అత్యధిక ధర ప్రకారం చూస్తే 267 చాలు. ఒప్పంద ధర ఎక్కువ కాబట్టి 390 అయింది. ఇలాంటివి చూసి, ఎవరైనా 20 శాతం పైన కొంటే ఇక ఆఫర్ ఖాయమని చాలామంది తీర్మానించుకుంటారు. ఆర్థిక పెట్టుబడిగా కొని పాతిక లోపే ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, ఏ నిబంధనా వాళ్లను ముందుకు తోయదు.

ఆఫర్ లేని దారులు

చిన్న మదుపరులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "కంపెనీని కొంటున్నారు" అంటే "నా షేర్లు కొంటారు" అనుకోవడం వల్ల.

విలీనంలో ఓపెన్ ఆఫర్ ఉండదు. షేర్లకు బదులు షేర్లు, ఒక నిష్పత్తిలో. వాటాదారుల ఓటు, కాంపిటీషన్ కమిషన్, కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అంటూ ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు. ఈలోగా రెండు పక్షాలకు చెడిందా, షేరులో ఇమిడి ఉన్న ఆశంతా ఒక్క రోజులో దిగిపోతుంది. 2021 సెప్టెంబర్‌లో మొదలైన జీ, సోనీ విలీనం 2024 జనవరి 22న రద్దయింది. మర్నాడు జీ షేరు దాదాపు 30 శాతం పడింది.

ప్రభుత్వ రంగ సంస్థల అమ్మకం ఇంకో ఆశల మేడ. బీపీసీఎల్‌లో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మడానికి కేంద్ర మంత్రివర్గం 2019 నవంబర్‌లో ఆమోదం తెలిపింది. కొనేవాళ్లు ఓపెన్ ఆఫర్ ఇవ్వక తప్పదని లెక్కలు వేసుకున్నవాళ్లు రెండున్నరేళ్లు వేచి చూశారు. పోటీదారుల్లో ఒక్కరే మిగలడంతో 2022 మేలో ఆ ప్రక్రియనే ఆపేశారు.

ఇక దివాలా చట్టం. దీని కింద జరిగే కొనుగోళ్లకు 2017 నుంచి ఓపెన్ ఆఫర్ నిబంధన వర్తించదు. గృహరుణాల సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో అప్పులవాళ్ల బకాయిలు దాదాపు 87,000 కోట్లుగా తేలితే, పిరమల్ ఇవ్వజూపింది 34,250 కోట్లు. అప్పులవాళ్లకే సగం కూడా రానప్పుడు, వరసలో అందరికంటే చివర నిలబడే వాటాదారుకు మిగిలేదేమిటి? 2021 జూన్ 7న ఎన్‌సీఎల్‌టీ ఆ ప్రణాళికను ఆమోదించింది. పెద్ద గ్రూపు చేతికి వచ్చిందన్న ఉత్సాహంతో మర్నాడు షేరు అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగనిచ్చే గరిష్ఠ పరిమితి) తాకింది. ఆమోదించిన ప్రణాళికలో మాత్రం పాత షేర్ల విలువ సున్నా, డీలిస్టింగ్ (స్టాక్ ఎక్స్ఛేంజ్ నుంచి తొలగింపు) అని రాసి ఉంది. వారం తిరగకుండానే ట్రేడింగ్ ఆగిపోయింది.

"మరి రుచి సోయా?" అని వెంటనే అడుగుతారు. పతంజలి దాన్ని కొన్నాక పాత వాటాదారులకు ప్రతి 100 షేర్లకు 1 మిగిలింది. 2020 జనవరిలో మళ్లీ లిస్టయ్యాక జూన్ చివరికి 1,500 దాటిన మాటా నిజమే. దాదాపు 99 శాతం షేర్లు కొత్త యజమాని దగ్గరే ఉండి, మార్కెట్లో తిరిగేది ఒక్క శాతమైనప్పుడు ఏ ధరైనా పలుకుతుంది. 2022 మార్చిలో అదే కంపెనీ ఎఫ్‌పీవోలో, అంటే ప్రజలకు మళ్లీ షేర్లమ్మినప్పుడు, షేరును 650కి అమ్మింది. జెట్ ఎయిర్‌వేస్‌లో ఆ మాత్రం కూడా లేదు. 2019 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన ఆ కంపెనీ షేరు, విమానాలు మళ్లీ ఎగురుతాయన్న ప్రతి వార్తకూ లేస్తూ వచ్చింది. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆస్తులమ్మి మూసేయమని ఆదేశించింది.

ఏ కంపెనీ విషయంలోనైనా మొదట చూడాల్సింది ఎక్స్ఛేంజ్ సైట్‌లో దాని పేరు పక్కన దివాలా ప్రక్రియ సూచన ఉందా అని. ఉంటే పైన చెప్పిన 43, 57 లెక్కలేవీ అక్కర్లేదు.

జాడలు, బూటకాలు

కంపెనీలు మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోపు వాటాల వివరం ఇస్తాయి. 1 శాతం పైన ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. 5 శాతానికి చేరినవాళ్లు, ఆపైన 2 శాతం మార్పు వచ్చినప్పుడల్లా, రెండు పని దినాల్లో వెల్లడించాలి. కాబట్టి 4.9 శాతం దాకా ఎవరైనా చప్పుడు లేకుండా కూడబెట్టుకోవచ్చు, త్రైమాసిక పట్టికలోనే బయటపడతారు.

రోజువారీ బల్క్ డీల్ జాబితాను చూసి చాలామంది మోసపోతారు. కంపెనీ షేర్లలో 0.5 శాతం పైన ఒక్కరే కొన్నా అమ్మినా సాయంత్రానికి పేరు వస్తుంది. కొన్నవాళ్ల వరసలో కనిపించిన పేరును అమ్మినవాళ్ల వరసలోనూ వెతకండి. రెండు చోట్లా దాదాపు ఒకే సంఖ్య ఉంటే అది పగటి ట్రేడింగ్ సంస్థ, సాయంత్రానికి దాని చేతిలో షేర్లు లేవు. ప్రమోటర్ వాటా కదిలినా అంతే. తండ్రి నుంచి కొడుకుకో, అన్నదమ్ముల మధ్యో జరిగే బదలాయింపులకు ఆఫర్ అక్కర్లేదు, నాలుగు పని దినాల ముందు ఎక్స్ఛేంజ్‌కు తెలిపితే చాలు. ఆ నోటీసును సగం చదివి "ప్రమోటర్ వెళ్లిపోతున్నాడు" అని ప్రచారం చేసేవాళ్లకు కొదవ లేదు.

పుకార్ల మీద కొత్త నిబంధన ఒకటుంది. షేరు ధర గణనీయంగా కదిలితే, దానికి కారణమైన వార్త నిజమో కాదో కంపెనీ 24 గంటల్లో చెప్పాలి. 2024 జూన్ 1 నుంచి మార్కెట్ విలువలో తొలి 100 కంపెనీలకు, డిసెంబర్ 1 నుంచి తొలి 250కి ఇది వర్తిస్తోంది. గడువులోగా నిజమని ఒప్పుకుంటే, ఆ వార్త వల్ల పెరిగిన మేర ధరను ఆఫర్ లెక్క నుంచి తీసేస్తారు కూడా. కానీ టేకోవర్ పుకార్లు ముసిరేది ఆ 250లో లేని చిన్న కంపెనీల చుట్టూనే. అక్కడ "సమాచారం లేదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటారు.

సాధనా బ్రాడ్‌కాస్ట్ ఉదంతం దీనికి నిలువెత్తు నమూనా. ఆ కంపెనీని అదానీ గ్రూపు కొనబోతోందని, అమెరికా సంస్థతో 1,100 కోట్ల ఒప్పందం కుదిరిందని 2022 జులైలో యూట్యూబ్ వీడియోలు వచ్చాయి. అవన్నీ అబద్ధాలని సెబీ 2023 మార్చి 2 నాటి మధ్యంతర ఉత్తర్వులో పేర్కొంది. ఆ ఉత్తర్వు ప్రకారం చిన్న వాటాదారుల సంఖ్య 2,167 నుంచి 55,343కి పెరిగింది. వాళ్లు కొంటున్నప్పుడు అమ్మినవాళ్లలో ప్రమోటర్ల వైపు వ్యక్తులూ ఉన్నారు.

ఆఫర్ తెరిచాక

నిబంధనల్లోని గడువులన్నీ కూడితే ప్రకటన నుంచి డబ్బు చెల్లింపు దాకా 57 పని దినాలు. కాంపిటీషన్ కమిషన్, రిజర్వ్ బ్యాంకు లాంటి అనుమతులు కావాల్సి వస్తే నెలలు సాగుతుంది. 180కి కొని 200 ఆశించినప్పుడు ఆ నిరీక్షణకు వడ్డీ కూడా లెక్కలోదే.

ఆఫర్ 10 పని దినాలు తెరిచి ఉంటుంది. ఆఫర్ లేఖ మీ చిరునామాకు రాలేదని కంగారుపడక్కర్లేదు. ఆఖరి రోజుల్లో కొన్నవాళ్లు కూడా ఇవ్వొచ్చు. షేర్లు డీమ్యాట్‌లో జమ అయి ఉండాలంతే, కాబట్టి కొన్నవి ఖాతాకు చేరడానికి పట్టే ఒక రోజు సెటిల్మెంట్‌ను లెక్కలో ఉంచుకోవాలి. బ్రోకర్ యాప్‌లో కార్పొరేట్ యాక్షన్ల విభాగంలోనో, ఓపెన్ ఆఫర్ విభాగంలోనో ఆర్డర్ పెట్టాలి. ఎక్స్ఛేంజ్ గడువు కంటే బ్రోకర్లు కొన్ని గంటలో, ఒక రోజో ముందే తలుపు మూస్తారు. మార్జిన్ (ట్రేడింగ్‌కు బ్రోకర్ అడిగే హామీ) కోసం తాకట్టు పెట్టిన షేర్లయితే ముందు విడిపించుకోవాలి. చాలామందికి చివరి రోజున తగిలే అడ్డంకి ఇదే.

ఆర్డర్ పెట్టగానే షేర్లు మీ ఖాతాలోనే ఉండి, అమ్మకుండా తాళం పడుతుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే హక్కు లేదు. మధ్యలో మార్కెట్ ధర ఆఫర్‌ను దాటినా చూస్తూ ఉండాల్సిందే. ముగిసిన 10 పని దినాల్లో తీసుకున్నవాటికి డబ్బు, మిగిలినవాటికి తాళం విడుదల. తాళం విడేసరికి ధర ఎక్కడికి జారిందో అక్కడే అమ్ముకోవాలి. అందుకే మిగులు షేర్లు వద్దనుకునేవాళ్లు కొన్నిటిని ఆఫర్ తెరిచి ఉండగానే మార్కెట్లో వదిలించుకుని, మిగతావే ఆఫర్‌లో ఇస్తారు.

ఎన్ని షేర్లు వచ్చాయో ఎక్స్ఛేంజ్ సైట్లలో రోజూ కనిపిస్తుంది. తొలి వారంలో ఆ అంకె చాలా చిన్నగా ఉంటుంది. అది చూసి "ఎవరూ ఇవ్వడం లేదు, మనవన్నీ తీసుకుంటారు" అనుకుని మార్కెట్లో మరిన్ని షేర్లు కొని ఇచ్చేవాళ్లుంటారు. ఫండ్లు, సంస్థలు చివరి రెండు రోజులదాకా కదలవు. తొమ్మిదో రోజు సాయంత్రం ఒకటి, పదో రోజు మధ్యాహ్నం ఇంకొకటి, ఆ రెండు అంకెలు చూసి 165 లాంటి మీ సంఖ్యను మళ్లీ వేసుకోండి.